టెక్ సందేహాలు: థాయ్‌లాండ్ ఫారం ఉచితం, ఎవరికీ పైసా కట్టకండి

థాయ్‌లాండ్ వెళ్లేవారి నుంచి కొన్ని నెలలుగా ఒకటే ఫిర్యాదు వస్తోంది. ఆ దేశంలో దిగే ముందు నింపాల్సిన టీడీఏసీ (థాయ్‌లాండ్ డిజిటల్ అరైవల్ కార్డ్) అనే ఆన్‌లైన్ ఫారం కోసం డబ్బు కట్టామని, ఆ తర్వాత అనుమానం వచ్చిందని రాస్తున్నారు. ఊళ్లు మారుతున్నాయి, కట్టిన మొత్తం మారుతోంది, కథ మాత్రం అదే. అందుకే ఈసారి మిగతా సందేహాలు పక్కన పెట్టి ఈ ప్రయాణికుల ఉత్తరాలకే జవాబులు రాస్తున్నాను.

టీడీఏసీ అని వెతికితే అన్నిటికన్నా పైన వచ్చిన సైట్లో మా నలుగురికీ ఫారం నింపి, కార్డుతో డబ్బు కట్టాం. క్యూఆర్ కోడ్ ఉన్న పీడీఎఫ్ వచ్చింది. బ్యాంకాక్‌లో ఇది చెల్లుతుందా? – ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

చెల్లవచ్చు, చెల్లకపోవచ్చు. ఇలాంటి సైట్లలో కొన్ని మీ వివరాలు తీసుకుని, అసలు సైట్లో వాళ్లే నింపి, వచ్చిన పీడీఎఫ్‌ను మీకు పంపిస్తాయి. కొన్ని ఉత్తుత్తి కోడ్ పంపిస్తాయి. మీది ఏ రకమో తేల్చుకుంటూ కూర్చోకుండా అసలు సైట్లో మళ్లీ నింపేయండి. ఒకే దరఖాస్తులో కుటుంబం మొత్తాన్ని చేర్చుకునే వీలుంది. చంటిబిడ్డకైనా టీడీఏసీ ఉండాల్సిందే.

థాయ్‌లాండ్ డిజిటల్ అరైవల్ కార్డ్ 2025 మే 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు విమానంలో పంచిన టీఎం6 కాగితానికి ఇది బదులు. విమానంలో వెళ్లినా, రోడ్డు మీద సరిహద్దు దాటినా, ఓడలో దిగినా విదేశీయులంతా నింపాలి. ఇది వీసా కాదు. దేశంలో అడుగుపెట్టిన ప్రతిసారీ కొత్తగా నింపాలి. దీనికి రుసుము లేదు. బ్యాంకు కార్డు నంబరు అడిగే పేజీ ఎదురైతే మీరు తప్పు చోట ఉన్నట్టే. అసలు సైటు మీరు దిగే రోజుకు ముందు మూడు రోజుల్లోనే ఫారం తీసుకుంటుంది. నెల ముందే అన్నీ నింపించుకుని డబ్బు తీసుకున్నారంటే అక్కడే అనుమానించాలి.

అసలు చిరునామా: టీడీఏసీ డాట్ ఇమ్మిగ్రేషన్ డాట్ జీఓ డాట్ టీహెచ్. ఇందులో చూడాల్సింది చివరి ముక్క. మన ప్రభుత్వ సైట్ల చివర గవ్ డాట్ ఇన్ ఉన్నట్టు, థాయ్ ప్రభుత్వ సైట్ల చివర జీఓ డాట్ టీహెచ్ ఉంటుంది. మోసగాళ్లు ఆ చుక్కల చోట అడ్డగీతలు పెట్టి, చివర డాట్ కామ్ తగిలిస్తారు. ముందు ఎన్ని పెద్ద పేర్లు ఉన్నా, మొదట్లో హెచ్‌టీటీపీఎస్ పక్కనుండే రెండు గీతలు వదిలేసి, ఆ తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీతకు సరిగ్గా ముందు ఏముందో అదే సైటు అసలు యజమానిని చెబుతుంది. పక్కన తాళం గుర్తు ఉంది కదా అని నమ్మకండి. ఆ తాళం దొంగ సైట్లకూ దొరుకుతుంది.

మీ ఉత్తరం చదివాక నాకు పీడీఎఫ్ గురించి కన్నా మీరిచ్చిన వివరాల గురించే భయంగా ఉంది. బ్యాంకు కార్డు సంగతి ముందు చూద్దాం. మన దేశంలో చెల్లింపులకు ఓటీపీ అడుగుతారు కాబట్టి కార్డు భద్రమే అనుకుంటాం. విదేశీ సైట్లలో చాలాసార్లు నంబరు, గడువు తేదీ, వెనకున్న సీవీవీ ఉంటే చాలు, ఓటీపీ లేకుండానే డబ్బు పోతుంది. కాబట్టి ఆ కార్డును ఇవాళే బ్లాక్ చేసి కొత్తది తెప్పించుకోండి. డబ్బు పోయిందని తేలితే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

పాస్‌పోర్ట్ వివరాలకు ఇలాంటి మందు లేదు. నలుగురి పేర్లు, పుట్టిన తేదీలు, పాస్‌పోర్ట్ నంబర్లు, ఏ తేదీన ఏ విమానంలో వెళ్తున్నారు, ఎక్కడ దిగుతున్నారు, అన్నీ ఒకే చోట వాళ్ల చేతిలో ఉన్నాయి. డిజిటల్ అరెస్ట్ పేరుతో ఫోన్లు చేసేవాళ్లకు కావలసింది సరిగ్గా ఈ సరుకే. 'మీ పేరుతో థాయ్‌లాండ్ నుంచి వచ్చిన పార్సిల్‌లో డ్రగ్స్ దొరికాయి' అంటూ మొదలుపెట్టి, మీ పాస్‌పోర్ట్ నంబరు తప్పు లేకుండా చదివి, ఫలానా తేదీన మీరు బ్యాంకాక్‌లో ఉన్నారు కదా అని అడిగితే ఎంత చదువుకున్నవారికైనా కాళ్లు వణుకుతాయి. ఆ మాట ఇప్పుడే ఇంట్లో పెద్దవాళ్లందరికీ చెప్పి ఉంచండి. ఫోన్లోనో వీడియో కాల్‌లోనో అరెస్టు చేసే అధికారం ఏ పోలీసుకూ లేదు. మీ వివరాలన్నీ తెలిసినంత మాత్రాన అవతలివాడు అధికారి అయిపోడు.

తప్పు మీ ఒక్కరిదే అనను. ఒక ప్రభుత్వ ఫారం పేరు వెతికితే డబ్బిచ్చిన వాడి సైటును మొదట చూపించి, పక్కన 'ప్రకటన' అని చీమ తలకాయంత అక్షరాల్లో రాసే పద్ధతి నాకు అసహ్యం. ఉచిత సేవకు రుసుము వసూలు చేసేవాడికి పై స్థానం అమ్మడాన్ని వ్యాపారం అని నేను ఒప్పుకోను. ఆ సెర్చ్ కంపెనీలు మారేదాకా చేయగలిగింది ఒక్కటే. ఇలాంటి ఫారాల కోసం వెతకడం మానేసి, చిరునామాను చేత్తో టైప్ చేయండి.

పాస్‌పోర్ట్‌లో నాకు ఇంటిపేరు గడి ఖాళీగా ఉంది. ఏజెంట్ ఫారంలో ఇనీషియల్‌ను విడదీసి ఇంటిపేరుగా రాశాడు. ఇబ్బందా? – కరీంనగర్ పాఠకుడు

ఇబ్బందే, సరిచేయండి. మన పేర్లతో ఈ తంటా ఎప్పుడూ ఉంది. ఆధార్‌లో ఒకలా, పాన్‌లో ఒకలా ఉంటుంది. విదేశీ ఫారంకు ఇవేవీ లెక్కలోకి రావు. పాస్‌పోర్ట్ ఫొటో పేజీ అడుగున బాణం గుర్తులతో ఉండే రెండు వరుసలనే యంత్రం చదువుతుంది. అందులో ఏముందో టికెట్‌లోనూ ఫారంలోనూ అదే ఉండాలి. ఏజెంట్‌కు పాస్‌పోర్ట్ ఫొటో వాట్సాప్‌లో పంపి వదిలేయకుండా, ఫారం మీరే నింపుకుంటే ఈ తప్పు జరగదు. ఫ్యామిలీ గ్రూపులో అందరి పాస్‌పోర్ట్‌లూ పెట్టి 'ఎవరైనా నింపండి' అనేవాళ్లూ ఉన్నారు. ఆ గ్రూపులో ఎవరెవరి ఫోన్లు ఎవరి చేతుల్లో ఉంటాయో ఒకసారి ఆలోచించండి. పంపక తప్పకపోతే ఫొటో మీద అడ్డంగా 'ఫలానా టికెట్ కోసం మాత్రమే' అని తేదీతో రాసి పంపండి.

వీసా గురించి చాలామంది అడిగారు. 2024 జూలై 15 నుంచి భారతీయ పర్యాటకులకు వీసా లేకుండా 60 రోజులు ఉండే వీలు ఇచ్చారు. ఆ తర్వాత ఆ గడువు తగ్గించాలన్న చర్చ అక్కడ మొదలైంది, ఈపాటికి నియమం మారి ఉండొచ్చు. కాబట్టి నా మాట మీదా, ఎవరి వీడియో మీదా ఆధారపడకుండా, టికెట్ కొనే రోజున ఢిల్లీలోని థాయ్ రాయబార కార్యాలయం సైట్లో చూసుకోండి. పాస్‌పోర్ట్‌కు ఇంకా ఆరు నెలల గడువు ఉండాలి. తిరుగు టికెట్, హోటల్ బుకింగ్ ఫోన్లోనే కాకుండా కాగితం మీదా ఉంచుకోండి. దిగేసరికి చార్జింగ్ అయిపోతే అధికారికి ఏం చూపిస్తారు?

అక్కడి సిమ్ వేసుకుంటే మా యూపీఐ, బ్యాంక్ యాప్‌లు ఆగిపోతాయా? – విజయవాడ పాఠకుడు

మన సిమ్ తీసేస్తే ఆగిపోవచ్చు. ఈ యాప్‌లు ఫోన్లో ఉన్న సిమ్‌తో ముడిపడి ఉంటాయి. సిమ్ మారిందని తెలియగానే మళ్లీ ధ్రువీకరణ కోసం మీ నంబరు నుంచి ఎస్ఎంఎస్ పంపమంటాయి. విదేశంలో అది చాలాసార్లు వెళ్లదు. ఫోన్లో ఈసిమ్ (చిప్ వేయకుండా ఫోన్లోనే నమోదయ్యే సిమ్) సౌకర్యం ఉంటే మన సిమ్‌ను కదిలించకుండా, డేటాకు మాత్రం ఈసిమ్ తీసుకోండి. మన సిమ్‌కు బయల్దేరే ముందే అంతర్జాతీయ రోమింగ్ ఆన్ చేయించి, దాని డేటా ఆపేయండి. అక్కడున్నన్ని రోజులూ బ్యాంక్ యాప్ తీసేసి మళ్లీ వేసుకోవద్దు. ఫోన్ రీసెట్ జోలికి వెళ్లొద్దు. విదేశంలో ఉన్న ఖాతాదారు గతి ఏమిటని ఆలోచించకుండా అన్నిటికీ ఎస్ఎంఎస్ ఓటీపీ ఒక్కటే దారిగా పెట్టిన బ్యాంకుల తీరు చూస్తే విసుగొస్తుంది.

కార్డు విషయంలో రిజర్వ్ బ్యాంక్ మనకు ఒక మంచి సౌకర్యం ఇప్పించింది. బ్యాంక్ యాప్‌లో అంతర్జాతీయ వాడకాన్ని ఏటీఎంకు, దుకాణానికి, ఆన్‌లైన్‌కు విడివిడిగా ఆన్, ఆఫ్ చేసుకోవచ్చు. మొదటి రెండూ ఆన్ చేసి చిన్న పరిమితి పెట్టండి. ఆన్‌లైన్ ఆఫ్‌లోనే ఉంచండి. పైన చెప్పిన దొంగ సైట్లకు సగం దారి అక్కడే మూసుకుపోతుంది. థాయ్ ఏటీఎంలు విదేశీ కార్డుకు ప్రతిసారీ 200 బాట్లకు పైనే రుసుము వేస్తాయి, కాబట్టి కొంచెం కొంచెం తీయడం నష్టం. రూపాయల్లో లెక్క కట్టమంటారా అని మెషీన్ అడిగితే వద్దనండి, ఆ రేటు ఎప్పుడూ మీకు నష్టమే.

ఎస్ఎంఎస్‌ల గురించి ఇంకో మాట. 2024 నవంబరులో బ్యాంకాక్ సుఖుమ్విత్ ప్రాంతంలో వ్యాన్‌లో నకిలీ సెల్ టవర్ పెట్టుకుని తిరుగుతూ చుట్టుపక్కల ఫోన్లకు మోసపు సందేశాలు పంపిన వ్యక్తిని పోలీసులు పట్టుకున్నారు. ఇలాంటి పరికరాలు ఫోన్‌ను పాత 2జీకి దింపి సందేశం తోసేస్తాయి. మీ ఫోన్ సెట్టింగుల్లో 2జీ ఆపే వీలుంటే ఇప్పుడే ఆపేయండి. అక్కడ వచ్చిన ఏ ఎస్ఎంఎస్‌లోని లింకూ నొక్కవద్దు. హోటల్ కౌంటర్‌లో పాస్‌పోర్ట్ అడగడం మామూలే, విదేశీయులు దిగిన సంగతి 24 గంటల్లో ఇమ్మిగ్రేషన్‌కు తెలపడం అక్కడి చట్టం. అదే హోటల్ పేరుతో 'కార్డు మళ్లీ ధ్రువీకరించండి, లేకపోతే బుకింగ్ రద్దు' అని మెసేజ్ వస్తే, అది బుకింగ్ యాప్ లోపలే వచ్చినా సరే, హోటల్‌కు ఫోన్ చేసి అడగండి.

పవర్‌బ్యాంక్, డ్రోన్, వేప్ (ఈ-సిగరెట్) పరికరం తీసుకెళ్లొచ్చా? – విశాఖ పాఠకుడు

పవర్‌బ్యాంక్ చేతి సంచిలోనే ఉండాలి, లగేజీలో వేయకూడదు. 100 వాట్ అవర్ దాకా మామూలుగా ఒప్పుకుంటారు. 20,000 ఎంఏహెచ్ అయితే 74 వాట్ అవర్, ఫరవాలేదు. ఆ అంకె దాని మీద చెరిగిపోకుండా కనిపించాలి. సంతలో కొన్న, 50,000 అని గొప్పగా అచ్చేసిన పవర్‌బ్యాంక్‌లు అసలే తీసుకెళ్లకండి. లోపల ఏ సెల్ ఉందో అమ్మేవాడికే తెలియని ఆ వస్తువు ఆకాశంలో అంటుకుంటే పక్కనున్న వందల మందికీ ప్రమాదం. థాయ్ జాతీయ విమానయాన సంస్థ 2025 మార్చి 15 నుంచి విమానంలో వీటి వాడకాన్నే నిషేధించింది. కెమెరా ఉన్న డ్రోన్‌కు అక్కడ రెండు సంస్థల దగ్గర నమోదు కావాలి. వారం రోజుల ట్రిప్పుకు ఆ తలనొప్పి ఎందుకు, ఇంట్లో వదిలేయండి. వేప్ అక్కడ నిషేధం, పట్టుబడితే జైలు దాకా వెళ్తుంది.

టెలిగ్రామ్‌లో ఇంటర్వ్యూ చేసి మా తమ్ముడికి బ్యాంకాక్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగం ఇచ్చారు. టీడీఏసీలో 'టూరిజం' అని నింపమన్నారు. అలా నింపొచ్చా? – ఒక అక్క, శ్రీకాకుళం

వద్దమ్మా. ఫారం ఎలా నింపాలన్న ప్రశ్న పక్కన పెట్టండి, తమ్ముణ్ని విమానం ఎక్కనివ్వకండి. థాయ్‌లాండ్‌లో ఉద్యోగానికి వేరే వీసా, వర్క్ పర్మిట్ ఉండాలి. పర్యాటకుడినని అబద్ధం రాయమన్నవాడు, రేపు ఏదైనా అయితే మీవాడు ఎక్కడికీ వెళ్లి చెప్పుకోలేని స్థితి ఇవాళే తయారు చేస్తున్నాడు.

ఈ దారి ఎక్కడికి వెళ్తుందో తెలిసిందే. బ్యాంకాక్‌లో దింపి, రోడ్డు మీద సరిహద్దు పట్టణం మే సోట్‌కు తీసుకెళ్లి, మోయి నది దాటించి మయన్మార్‌లోని మ్యావడీ చుట్టుపక్కల సైబర్ మోసాల శిబిరాల్లో పెడతారు. పాస్‌పోర్ట్ లాక్కుని, మనవాళ్లకే మోసపు ఫోన్లు చేయిస్తారు. 2025 మార్చిలో అలా చిక్కుకున్న వందల మంది భారతీయులను మే సోట్ నుంచి వాయుసేన విమానాల్లో తీసుకురావాల్సి వచ్చింది. అంతకుముందు ఏడాది కంబోడియాకు యువకులను పంపిన ముఠా గుట్టును మీ పక్కనే ఉన్న విశాఖ పోలీసులు బయటపెట్టారు.

విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ సైట్లో ఆ ఏజెంట్ పేరు నమోదై ఉందో లేదో ఇవాళే చూడండి. లేకపోతే ఆ టెలిగ్రామ్ సంభాషణ, డబ్బు పంపిన రసీదులు, ఫోన్ నంబర్లు ఏవీ చెరపకుండా స్క్రీన్‌షాట్లు తీసి దగ్గర్లోని పోలీస్ స్టేషన్లో ఇవ్వండి. పాస్‌పోర్ట్ ఇప్పటికే అతని చేతికి ఇచ్చి ఉంటే, ఆ విషయం ఫిర్యాదులో మొదటి వరుసలోనే రాయండి.