ఊరి నడుమ రోడ్ల మీదే అంతర్జాతీయ కారు రేసు పెడితే కాలనీవాళ్లు ముందుగా ఏం చూసుకోవాలి?

హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగినట్టు మీ ఊళ్లోనూ రేసు పెడతారట, కాలనీ సంఘం తరఫున ఏమేం సిద్ధం చేసుకోవాలి అని అడిగారు. ముందు గేట్ల సంగతి తేల్చుకోండి. కార్లు, స్టాండ్లు, టికెట్లు నిర్వాహకులు ఎలాగూ చూసుకుంటారు. సర్క్యూట్‌కు, అంటే రేసు జరిగే రోడ్ల చుట్టుకు, ఎన్ని గేట్లు పెడుతున్నారు, ఏ వేళకు తెరుస్తారు, తాళం ఎవరి దగ్గర ఉంటుంది అన్నదాని మీదే ఆ వారమంతా మీ రాకపోకలు ఆధారపడతాయి.

"మూడు రోజుల ముచ్చటే కదా" అంటారు, నమ్మకండి. హైదరాబాద్ లెక్కే చూడండి. 2023 ఫిబ్రవరి 11న ఫార్ములా ఈ (విద్యుత్ కార్ల) రేసు జరిగిన ట్రాక్ 2.83 కిలోమీటర్లు, 18 మలుపులు. రెండు పక్కలా గోడ కట్టాలంటే 5.66 కిలోమీటర్లు. ఒక్కో కాంక్రీటు దిమ్మ 4 మీటర్ల పొడవు, 4 టన్నుల బరువు అనుకుంటే 1,415 దిమ్మలు. ట్రైలర్‌కు ఐదేసి చొప్పున 283 ట్రిప్పులు. ఒక దిమ్మను దించి, వరసకు సరిచేసి, పక్కదానితో బిగించడానికి క్రేన్‌కు పది నిమిషాలు పట్టినా, రాత్రి పది నుంచి ఐదు దాకా నాలుగు క్రేన్లు ఆగకుండా పనిచేస్తే తొమ్మిది రాత్రులు. చెట్ల కొమ్మలు, స్తంభాలకు వేలాడే కేబుల్ వైర్లు అడ్డం పడితే రెండు వారాలు ఖాయం. అంటే రేసుకు చాలా ముందే మీ రోడ్డు సగమైపోతుంది. ఏ వీధిలో ఏ తేదీన దిమ్మలు దించుతారో రాతపూర్వకంగా అడిగి తీసుకోండి.

దిమ్మల వల్ల మీకు నేరుగా వచ్చే ఇబ్బంది వాన నీరు. రోడ్డు అంచున ఉండే వాన నీటి జాలీలను దిమ్మలు మూసేస్తాయి. అడుగున నీరు పోయే గాడి ఉన్న దిమ్మల్ని సరిగ్గా జాలీల ఎదుట పెట్టాలి. వరస తప్పితే ఒక్క గట్టి వానకు ఆ పక్క ఇళ్లలోకి నీళ్లొస్తాయి. మీ వీధిలో జాలీలు ఎక్కడెక్కడున్నాయో సున్నంతో గుర్తు పెట్టి ఉంచండి, క్రేన్‌వాళ్లకు రాత్రిపూట కనిపించేది అదే. డ్రైవర్లకు ప్రాణాంతకమైన పొరపాటు మరొకటుంది: కారు వచ్చే దిశలో చూస్తే ముందున్న దిమ్మ కన్నా తర్వాతి దిమ్మ అంచు ఒక్క అంగుళం కూడా ట్రాక్ వైపు పొడుచుకుని రాకూడదు. గోడను రాసుకుంటూ వచ్చిన కారు ఆ అంచుకు తగిలితే అక్కడే ఆగిపోతుంది. ఇది ఇంజనీర్ల పని.

రోడ్డు పైపొర చెక్కి కొత్త తారు వేస్తారు. స్పీడ్ బ్రేకర్లు, డివైడర్లు, మెరిసే స్టడ్లు అన్నీ లేపేస్తారు. మ్యాన్‌హోల్ మూతల్ని చట్రానికి వెల్డింగ్ చేయాలి, ఎందుకంటే వేగంగా వెళ్లే కారు కింద పుట్టే పీడనం తేడాకు మూత లేచిపోతుంది. 2023 నవంబరులో లాస్ వేగాస్‌లో ఫార్ములా వన్ తొలి ప్రాక్టీసు ఎనిమిది నిమిషాలకే ఆగిపోయింది, ఇలాంటి నీటి వాల్వు మూత ఫెరారీ కారు అడుగుభాగాన్ని బద్దలు కొట్టింది. అయితే వెల్డింగ్ చేసిన మూత కింద డ్రైనేజీ పొంగితే? అందుకని వారం ముందే లైన్లన్నీ జెట్టింగ్ (ఒత్తిడితో నీళ్లు కొట్టి శుభ్రం) చేయించాలి. మూతల నంబర్ల జాబితా ఒకటి, గ్యాస్ కట్టర్ ఉన్న మనిషి ఒకడు రేసు అయ్యేదాకా అందుబాటులో ఉండాలి.

ఇక గేట్లు. ప్రాక్టీసుకూ రేసుకూ మధ్య రాత్రిళ్లు రోడ్డును జనానికి తెరుస్తామంటారు. వినడానికి బాగుంటుంది కానీ, తెరిచిన ప్రతిసారీ ఇసుక, ఆయిల్, మేకులు, గుట్కా ఉమ్ములు ట్రాక్ మీదికి వస్తాయి. తెల్లారేలోపు ఊడ్చే యంత్రం రెండుసార్లు తిరగాల్సిందే. మూసేటప్పుడు గేట్లన్నీ ఒకేసారి వేస్తే లోపలున్న ఆటోలు, బైకులు చిక్కుకుపోతాయి. ఒక చివర నుంచి పోలీసు వాహనం వెనకాలే తరుముకుంటూ వస్తుంటే ఒక్కో గేటూ వరసగా మూసుకుంటూ రావాలి, చివరి గేటు పడ్డాక మళ్లీ ఒక చుట్టు తిరిగి చూడాలి. హైదరాబాద్‌లో రేసు ముందురోజు, శుక్రవారం, మామూలు వాహనాలు ట్రాక్ మీదికి వచ్చేశాయి, తొలి ప్రాక్టీసు ఆలస్యమైంది.

కుక్కల సంగతి నవ్వులాట కాదు. 2011లో ఢిల్లీ దగ్గరి బుద్ధ్ సర్క్యూట్‌లో ఫార్ములా వన్ ప్రాక్టీసును ఒక కుక్క ఆపేసింది. అది ఊరవతల కంచె వేసిన సర్క్యూట్, మీది నడివీధి. గేటు కింద ఖాళీ నాలుగు వేళ్లకు మించకుండా చూడాలి. పట్టిన కుక్కల్ని తర్వాత అదే వీధిలో వదలాలని నిబంధన, కాబట్టి ఏ వీధివో రాసిపెట్టుకోమనండి. రోజూ అన్నం పెట్టేవాళ్లు పది రోజుల ముందు నుంచే ట్రాక్‌కు దూరంగా పెట్టడం మొదలుపెడితే సగం పని అయిపోతుంది.

పాసులు ఇంటి నంబరును బట్టి కాక గేటును బట్టి, గేటుకో రంగు చొప్పున ఇమ్మనండి. లేకపోతే మూడో గేటు పాసుతో ఏడో గేటు దగ్గర గొడవలే. పాలు, గ్యాస్ బండి, డయాలసిస్‌కు వెళ్లేవాళ్లు, పరీక్షలున్న పిల్లలు, ఇంట్లో పెళ్లున్నవాళ్లు (ఫిబ్రవరి అంటే మాఘమాసం ముహూర్తాలు) ఎవరెవరో జాబితా మీరే తయారుచేసి పోలీసులకు ఇవ్వండి. చావు కబురు వస్తే శవాన్ని ఏ గేటు గుండా తీసుకెళ్లాలో కూడా ముందే మాట్లాడుకోవాలి. ఎవరూ అడగరు, అవసరం పడ్డాక అందరూ అరుస్తారు.

మీ కుర్రాళ్లు వాలంటీర్లుగా చేరతామంటే పంపండి. విద్యుత్ కార్ల రేసైతే ఒక్క మాట చెవిన వేయండి: ఆగిన కారు మీద పచ్చ లైటు ఉంటేనే చేయి వేయాలి. ఎర్ర లైటున్నా, అసలు లైటే వెలగకపోయినా ముట్టుకోకూడదు.

డబ్బు విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. హైదరాబాద్‌లో రెండో ఏడాది, 2024 ఫిబ్రవరి 10న జరగాల్సిన రేసు, ప్రభుత్వం మారాక జనవరిలోనే రద్దయింది. అందుకని రేసు మళ్లీ రాకపోయినా పనికొచ్చే కాలువలు, తారు, వీధి దీపాల మీద ఎంత పెడుతున్నారో మీ కార్పొరేటర్‌ను అడగండి. పని మొదలవకముందే డివైడర్లు, స్పీడ్ బ్రేకర్లు, బడి ముందు జీబ్రా గీతలు, బస్ షెల్టర్లు అన్నిటికీ తేదీ కనిపించేలా ఫొటోలు తీసి పెట్టుకోండి. రేసయ్యాక దిమ్మలు వారంలో పోతాయి, ఎందుకంటే వాటికి రోజువారీ అద్దె నడుస్తుంటుంది. తీసేసిన స్పీడ్ బ్రేకర్‌కు అద్దె ఉండదు కనుక దాన్ని మళ్లీ వేసే తేదీని ఒప్పందంలోనే రాయించండి.