సామాజిక పరిశోధకులు పిల్లలకు సాహస కథలు రాయగలరా?

తప్పకుండా రాయగలరు, ఫీల్డ్‌వర్క్‌లో అబ్బేదే ఓపిగ్గా చూడటం, వినడం. విజయవాడ దగ్గర కొండపల్లి బొమ్మల మీద పరిశోధన చేస్తున్నారనుకోండి, తెల్లపొణికి చెక్కతో విడిగా చెక్కిన చేతులనీ కాళ్లనీ చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికించడం కళ్లారా చూస్తారు కదా, అలాంటి బొమ్మలో ఎవరో దాచిన చీటీ దొరికి ఇద్దరు పిల్లలు కొండపల్లి కోట ఎక్కారంటే ఇక కథ ఆగదు. థీసిస్‌లో చోటు దొరకని భయాలూ వాసనలూ ఇక్కడే పనికొస్తాయి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను: ఇంటర్వ్యూ ఇచ్చినవాళ్లు ఒప్పుకున్నది పరిశోధనకి, కథకి కాదు. వాళ్ల ఇంటి సంగతులు పుస్తకంలోకి తేవద్దు. పేరు మార్చినంత మాత్రాన సరిపోదు, చిన్న ఊళ్లో వీధి, వృత్తి రాస్తే ఎవరో ఇట్టే తెలిసిపోతుంది.