పాస్‌వర్డ్ సంగతి సరే, రూమ్మేట్ మాటేమిటి?

ప్రశ్న: గుంటూరులో బీటెక్ మూడో సంవత్సరం, హాస్టల్లో ఉంటాను. ఏడాదిగా క్లాస్‌మేట్‌ని ప్రేమిస్తున్నాను. ఇన్‌స్టా పాస్‌వర్డ్ ఇమ్మని, లొకేషన్ ఎప్పుడూ షేర్ చేసి ఉంచమని అడుగుతున్నాడు. ‘నమ్మకముంటే దాచేదేముంది’ అంటాడు. ఇంటర్ నుంచీ నాతో ఉన్న రూమ్మేట్ వద్దంది. వాళ్ల నాన్న అప్పుల సంగతి నేను అతనికి చెప్పానని తెలిశాక తను మాట్లాడటం మానేసింది. పాస్‌వర్డ్ ఇస్తే అతనికి నా మీద నమ్మకం కుదురుతుందా?

జవాబు: కుదరదు. ఇవ్వకు. నీ ప్రశ్నకు ఇంతకన్నా జవాబు అక్కర్లేదు.

అసలు సంగతిని నువ్వు ఒక్క ముక్కలో దాటేశావు. ఇంటి అప్పు గురించి ఆడపిల్ల బయట నోరు విప్పడం ఎంత కష్టమో నీకు తెలియదా? నిన్ను సొంత మనిషి అనుకుని చెప్పింది. ‘నీ దగ్గర నాకు దాపరికాల్లేవు’ అనిపించుకోవడానికి నువ్వు దాన్ని తీసుకెళ్లి అతని ముందు పెట్టావు. ఆ పరువు నీది కాదమ్మా, పంచిపెట్టడానికి. పాస్‌వర్డ్ ఇస్తే జరిగేదీ అదే. నీ ఇన్‌బాక్స్‌లో నిన్ను నమ్మి రాసుకున్న వాళ్లందరి మాటలూ ఉన్నాయి.

నమ్మకం మీద రెంపెల్, హోమ్స్, జన్నా అనే మనస్తత్వవేత్తలు 1985లో రాసిన వ్యాసంలో మూడు అంశాలు చెప్పారు: మనిషి తీరు అంచనాకు అందడం, అవసరానికి ఆసరాగా నిలవడం, ఇకముందూ నిలుస్తారన్న భరోసా. ఈ మూడూ నీకు రూమ్మేట్ దగ్గర ఉండేవి. తనకు నీ దగ్గర లేకుండా పోయాయి.

అందుకని ముందు తనతో మాట్లాడు. వాట్సాప్‌లో పేరాలు రాయకు, మెస్‌లో నలుగురి మధ్య కదిలించకు. గదిలో ఇద్దరే ఉన్నప్పుడు, ఏం చెప్పావో ఎవరికి చెప్పావో దాచకుండా ఒప్పుకో. ‘అతను గుచ్చి గుచ్చి అడిగాడు’ అన్నావా, క్షమాపణ కాస్తా సంజాయిషీ అయిపోతుంది. ‘క్షమించావా లేదా’ అని వెంటపడకు. మాటలు త్వరగానే కలవొచ్చు; తన ఇంటి సంగతి మళ్లీ నీతో చెప్పడానికి ఏడాది పట్టినా ఆశ్చర్యపోకు. ఈలోగా తను నీకు చెప్పినవి, చిన్నవైనా సరే, నీ దగ్గరే ఆగాలి.

అతనికి ‘ఇవ్వను’ అని ఒక్కసారి స్పష్టంగా చెప్పు, కారణాలు ఏకరువు పెట్టకు. రెండ్రోజులు అలిగి మామూలైతే సరే, ఆ వయసు పిల్లలకు అలకలు మామూలే. మరీ మరీ అడిగితే, నీ ఫ్రెండ్స్‌కి ఫోన్లు చేసి వాకబు చేస్తే మాత్రం అతనితో అక్కడికి ఆపెయ్యి. ఇన్‌స్టా తరవాత వాట్సాప్ అడుగుతాడు, ఆ తరవాత డిలీట్ చేసిన మెసేజ్‌లో ఏముందంటాడు. అనుమానానికి ఆధారం ఎంత చూపించినా చాలదు.

ఈ రాత్రే వాట్సాప్‌లో ‘లింక్‌డ్ డివైసెస్’ తెరిచి, నీది కాని కంప్యూటర్ కనిపిస్తే లాగౌట్ చెయ్యి. గూగుల్ మ్యాప్స్‌లో లొకేషన్ షేరింగ్ ఆపు. ఇన్‌స్టాకి టూ ఫ్యాక్టర్ (పాస్‌వర్డ్‌తో పాటు ఒక కోడ్ కూడా అడిగే ఏర్పాటు) పెట్టుకో. ఫొటోలు ఇంట్లో చూపిస్తానని బెదిరిస్తే ఆ చాట్ చెరపకు, స్క్రీన్‌షాట్లు తీసి జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టు. అంతకంటే ముందు మీ అమ్మకు నువ్వే చెప్పు. తిడుతుంది. తిట్టనీ.