ఐటీఐ అయ్యాక వైండింగ్ షాపా, గల్ఫా?

తమ్ముడూ, ఐటీఐ ఎలక్ట్రీషియన్ 2 ఏళ్లూ పూర్తిచేశావు, భీమవరంలో కాలిన మోటార్లకి తీగ మళ్లీ చుట్టే వైండింగ్ షాపువాళ్లు ఇచ్చేది చాలక గల్ఫ్ వెళ్లిపోదామా అని అడిగావు. ఇప్పుడే వద్దు. ముందు పని చేతికి రానీ.

మన రొయ్యల చెరువుల మీద రాత్రంతా ఏరియేటర్లు, అంటే నీళ్లలో గాలి కలిపే మోటారు చక్రాలు, తిరుగుతాయి. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది, అప్పుడు మోటార్లు ఆగితే రొయ్య తేలిపోతుంది. ఆ వేళ రైతు ఫోను చేసేది పని తెలిసినవాడికే.

కాలిన మోటారు విప్పగానే తీగ కోసి పారెయ్యకు, బాగా చూడు. స్టార్ కనెక్షన్‌లో, అంటే మూడు ఫేజుల కాయిళ్ల ఒక్కో కొస ఒకేచోట కలిపిన మోటారులో, రెండు ఫేజుల కాయిళ్లు నల్లగా మాడి, మూడోది కొత్తదానిలా మెరుస్తుంటే మోటారుకి వచ్చే మూడు ఫేజుల కరెంటులో ఒక ఫేజు పోయిందన్నమాట. ఫ్యూజు, స్టార్టరు కాంటాక్టులు సరిచూడకుండా మళ్లీ చుట్టి ఇచ్చావో, అదే మోటారు మళ్లీ నీ దగ్గరికే వస్తుంది. మూడూ సమంగా మాడితే ఓవర్‌లోడో, బేరింగు పట్టేసిందో చూడాలి. పాత తీగ గేజి, చుట్ల లెక్క, పిచ్ (కాయిలు ఏ గాడి నుంచి ఏ గాడికి వెళ్లిందో) నోటుబుక్కులో రాసుకో. నా మొదటి ఏడాది పుస్తకం ఇప్పటికీ నా బల్ల మీదే ఉంది, నూనె మరకలతో.

ఈలోపు అప్రెంటిస్‌షిప్‌కి కూడా దరఖాస్తు పెట్టు. స్టైపెండు ఇస్తారు, చివర పరీక్ష పాసైతే జాతీయ సర్టిఫికెట్ వస్తుంది. గల్ఫ్ సంగతి ఆ తర్వాత. ఏజెంటుకి లైసెన్సు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైటులో చూడకుండా మాత్రం పాస్‌పోర్టు చేతికివ్వకు.