పాలస్తీనా టాప్ లీగ్‌లో గాజా జట్లు ఆడతాయా?

పాలస్తీనాకు సొంత ఫుట్‌బాల్ లీగ్ ఉందా, గాజా జట్లు కూడా అందులోనే ఆడతాయా అని అడిగారు. లీగ్ ఉంది, కాకపోతే ఒకటి కాదు, రెండు. వెస్ట్ బ్యాంక్ ప్రీమియర్ లీగ్ ఒకటి, గాజా ప్రీమియర్ లీగ్ ఇంకొకటి. పాలస్తీనాలోని ఈ రెండు ప్రాంతాల మధ్య ఇజ్రాయెల్ ఉంది, ఇటు నుంచి అటు వెళ్లాలంటే ఇజ్రాయెల్ పర్మిట్ ఇవ్వాలి. అలాంటప్పుడు వారం వారం మ్యాచ్‌లు ఎలా కుదురుతాయి?

నేను దోహాలో ఉద్యోగం చేస్తున్నాను. మా ఆఫీసులో వెస్ట్ బ్యాంక్‌లోని హెబ్రాన్ నగరం (అరబీలో అల్-ఖలీల్) ఆయన ఒకరున్నారు. నాకు ఈ లీగ్ పిచ్చి అంటించింది ఆయనే. ఆయన షబాబ్ అల్-ఖలీల్ క్లబ్బు అభిమాని. అదే ఊళ్లో ఉన్న ఇంకో క్లబ్బు అహ్లీ అల్-ఖలీల్ పేరెత్తితే చాలు, మొహం మాడ్చుకుంటారు.

వెస్ట్ బ్యాంక్ లీగ్ ప్రొఫెషనల్‌గా మారింది 2010-11లో. ఆ ఏడు గెలిచింది వెస్ట్ బ్యాంక్ నగరం రామల్లా పక్కన ఉన్న శరణార్థి శిబిరం జట్టు, షబాబ్ అల్-అమారి. నాకు మాత్రం అన్నిటికంటే నచ్చేది 2013-14 సీజన్. ఆ టైటిల్ తరజీ వాదీ అల్-నైస్ కొట్టింది. బెత్లెహేం దక్షిణాన చిన్న పల్లె అది. జట్టులో చాలామంది అబూ హమ్మాద్ అనే ఒకే ఇంటిపేరు వాళ్లు. అన్నదమ్ములు, బాబాయిల కొడుకులు కలిసి నగరాల క్లబ్బుల్ని ఓడించారన్నమాట! తర్వాత హిలాల్ అల్-ఖుద్స్ 2017 నుంచి 2019 వరకు వరసగా మూడు టైటిళ్లు పట్టుకుపోయింది. జెరూసలేం క్లబ్బే అయినా వాళ్లు ఆడేది అల్-రామ్‌లోని ఫైసల్ అల్-హుస్సేనీ స్టేడియంలో, ఇజ్రాయెల్ కట్టిన గోడకు దగ్గర్లో.

మరి రెండు ప్రాంతాల జట్లు ఎప్పుడూ తలపడలేదా అంటే, పాలస్తీనా కప్ ఉంది. గాజా కప్ విజేత, వెస్ట్ బ్యాంక్ కప్ విజేత ఫైనల్ ఆడతాయి, అక్కడొక మ్యాచ్, ఇక్కడొక మ్యాచ్. చాలా ఏళ్ల గ్యాప్ తర్వాత 2015లో అది మళ్లీ జరిగింది. గాజా క్లబ్బు ఇత్తిహాద్ షుజాయియాతో గాజాలో 0-0, హెబ్రాన్‌లో 2-1. గెలిచింది అహ్లీ అల్-ఖలీల్, మా ఆఫీసాయనకు పడని క్లబ్బు. 2019లో గాజా జట్టు ఖదమాత్ రఫా ఆటగాళ్లలో ఎక్కువమందికి పర్మిట్లు రాక వెస్ట్ బ్యాంక్ జట్టు బలాటాతో మ్యాచ్ ఆగిపోయింది. 2023 అక్టోబర్‌లో యుద్ధం మొదలయ్యాక లీగులే నిలిచిపోయాయి. అప్పటికి వెస్ట్ బ్యాంక్ ఛాంపియన్ జబల్ అల్-ముకబ్బిర్.

ఈ లీగ్‌లో ఆట స్థాయి ఎంత అంటారా? పాలస్తీనా స్ట్రైకర్ ఉదై దబ్బాగ్‌ని చూడండి. హిలాల్‌లో ఆడి, కువైట్ వెళ్లి, అక్కడి నుంచి పోర్చుగల్ లీగ్‌కి చేరాడు. 2024 జనవరిలో ఇక్కడ ఆసియా కప్‌లో హాంకాంగ్‌పై రెండు గోల్స్ కొట్టాడు, పాలస్తీనా 3-0తో గెలిచి మొదటిసారి నాకౌట్‌కి వెళ్లింది. ఆ మ్యాచ్‌కి నేనూ, మా ఆఫీసాయనా వెళ్లాం. స్టేడియంలో గొంతు పోయేలా అరిచిన మనిషి, తిరుగు దారిలో కారెక్కగానే "వీణ్ణి మా క్లబ్బు ముందే తీసుకోవాల్సింది" అని మొదలుపెట్టారు!