ప్లానింగ్ సమయం కొలిచే ప్యాచ్‌ని రివ్యూ చేయమన్నారు, ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగింది ఇదీ: పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ కోసం మీ టీమ్ సొంతంగా రాసుకున్న ఎక్స్‌టెన్షన్‌లో (అదనపు మాడ్యూల్‌లో), క్వెరీ నడిచే సమయంతో పాటు ప్లానింగ్‌కి, అంటే దాన్ని ఎలా నడపాలో డేటాబేస్ ముందుగా తేల్చుకోవడానికి, పట్టే సమయం కూడా లెక్కగట్టే ప్యాచ్ (కోడ్ మార్పు) వచ్చింది. రివ్యూ మీ మీద పడింది. సి కోడ్ పెద్దగా అలవాటు లేదు. పైగా ప్లాన్‌ల సంఖ్యకీ కాల్స్ (క్వెరీ నడిచిన సార్లు) సంఖ్యకీ పొంతన కుదరడం లేదు, అది బగ్గా కాదా అని అనుమానం.

నేను ఇలాంటి ప్యాచ్‌నే ఒకసారి రివ్యూ చేసి, బాగుందని ఓకే చెప్పేసి, తర్వాత నాలుక కరుచుకున్నాను. కాబట్టి ముందు ఆ సంగతే చెప్తాను.

కోడ్ చూడ్డానికి ముచ్చటగా ఉంది. ప్లానర్ హుక్‌లోకి (ప్లానింగ్ మొదలయ్యేచోట మన కోడ్‌ని తగిలించే కొక్కెంలోకి) రాగానే గడియారం చూడటం, క్వెరీ ఎన్నో లోతులో ఉందో చెప్పే లెవెల్ కౌంటర్‌ని ఒకటి పెంచడం, అసలు ప్లానర్‌ని పిలవడం, తిరిగొచ్చాక కౌంటర్ తగ్గించి సమయం రాసుకోవడం. ఆ కౌంటర్ ఎందుకంటే, ప్లానింగ్ మధ్యలో కూడా వేరే క్వెరీలు నడవొచ్చు. ఇమ్యూటబుల్ (అవే విలువలిస్తే ఎప్పుడూ అదే జవాబు) అని ప్రకటించిన ఫంక్షన్‌కి స్థిర విలువలు ఇస్తే ప్లానర్ దాన్ని అక్కడికక్కడే నడిపి జవాబు పెట్టేస్తుంది. ఆ ఫంక్షన్ లోపల ఇంకో సెలెక్ట్ ఉండొచ్చు. పైస్థాయి క్వెరీలే లెక్కపెట్టాలంటే ఏది పైది, ఏది లోపలిది అని తెలియాలి కదా.

చిక్కంతా ప్లానర్ ఎర్రర్ ఇచ్చినప్పుడు. పోస్ట్‌గ్రెస్‌లో ఎర్రర్ వస్తే కంట్రోల్ అటునుంచి అటే దూకేస్తుంది, కింద రాసిన "ఒకటి తగ్గించు" అనే లైన్‌కి రానే రాదు. కౌంటర్ ఒకటి దగ్గరే ఉండిపోతుంది. ఆ క్షణం నుంచి ఆ కనెక్షన్‌లో వచ్చే ప్రతి క్వెరీ లోపలి క్వెరీలాగే కనిపిస్తుంది, దేన్నీ లెక్కపెట్టదు. మాకు పూలర్ (కనెక్షన్లని తెరిచే ఉంచి పదే పదే వాడే సాఫ్ట్‌వేర్) ఉండటంతో కనెక్షన్లు గంటల తరబడి బతికుండేవి. పొద్దున్న బాగానే ఉన్న గ్రాఫ్ సాయంత్రానికి కొంచెం కొంచెంగా పడిపోయేది. ట్రాఫిక్ తగ్గిందేమో అనుకుని రెండు రోజులు యాప్ వాళ్ల బుర్ర తిన్నాం.

పోస్ట్‌గ్రెస్ 13లో పీజీ స్టాట్ స్టేట్‌మెంట్స్‌కి (క్వెరీల లెక్కలు రాసే, పోస్ట్‌గ్రెస్‌తోనే వచ్చే ఎక్స్‌టెన్షన్‌కి) ఇదే సదుపాయం వచ్చినప్పటి కోడ్ తెరిచి చూడండి. ప్లానర్ పిలుపు ట్రై బ్లాక్‌లో, కౌంటర్ తగ్గించడం ఎర్రర్ వచ్చినా రాకున్నా నడిచే ఫైనల్లీ బ్లాక్‌లో ఉంటాయి. మీ ప్యాచ్‌లో అది లేకపోతే మిగతాది చదవకముందే కామెంట్ పెట్టేయొచ్చు. పరీక్షించడానికి పెద్ద తంతు అక్కర్లేదు. సెలెక్ట్ 1/0 అని కొట్టండి. స్థిర విలువలే కాబట్టి ప్లానింగ్‌లోనే ఎర్రర్ వస్తుంది. వెంటనే అదే సెషన్‌లో మామూలు సెలెక్ట్ ఒకటి నడిపి, అది లెక్కలోకి వచ్చిందో లేదో చూడండి. ఈ రెండు లైన్ల టెస్ట్ ఆ రోజు నేను రాసుంటే సరిపోయేది.

ఇక ప్లాన్‌లకీ కాల్స్‌కీ పొంతన గురించి. అది కుదరనక్కర్లేదు, చాలాసార్లు కుదరకపోవడమే సరైన ఫలితం. పారామీటర్లున్న ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్‌కి (ఒకసారి సిద్ధం చేసి, విలువలు మార్చి పదే పదే నడిపే క్వెరీకి) మొదటి 5 సార్లు ప్రత్యేకంగా ప్లాన్ వేస్తుంది. ఆరోసారి ఏ విలువలకైనా పనికొచ్చే జెనెరిక్ ప్లాన్ వేసి చూసి, ఖర్చు ఎక్కువ కాకపోతే ఇక దాన్నే వాడుకుంటుంది. అలాంటప్పుడు వెయ్యి కాల్స్‌కి ఆరే ప్లాన్‌లు కనిపిస్తే కంగారు పడకండి. మధ్యలో ఆ టేబుల్‌ని ఆల్టర్ చేస్తే మళ్లీ ప్లాన్ వేయాల్సిందే, ఆ సంఖ్య పెరగాలి. దీన్ని టెస్ట్‌గా అడగండి. తిరగేసి కూడా జరుగుతుంది: ప్లాన్ అయిపోయి, నడుస్తుండగా క్వెరీ ఫెయిలైతే ప్లాన్ లెక్కలో పడుతుంది, కాల్ లెక్కలో పడదు. అందుకే సగటు లెక్కించేటప్పుడు మొత్తం ప్లానింగ్ సమయాన్ని ప్లాన్‌ల సంఖ్యతోనే భాగించారా, పొరపాటున కాల్స్‌తో భాగించారా అని చూడండి. కనిష్ఠం, గరిష్ఠం కూడా అంతే. మొదటి కొలతనే కనిష్ఠంగా, గరిష్ఠంగా రాసుకునే "మొదటిసారి" అనే షరతు ప్లానింగ్‌కి వేరు, ఎగ్జిక్యూషన్‌కి వేరు ఉండాలి. రెంటికీ ఒకటే పెడితే, ప్లాన్ ముందు లెక్కలో పడిపోతుంది కాబట్టి ఎగ్జిక్యూషన్ కనిష్ఠం ఎప్పటికీ సున్నా దగ్గరే కూర్చుంటుంది.

వేగం సంగతికొస్తే, గడియారం చూడటానికయ్యే ఖర్చు గురించి అందరూ అడుగుతారు, లాక్ (ఒకరు రాస్తుంటే మిగతావాళ్లని ఆపే తాళం) గురించి అడగరు. ఒక్కో క్వెరీకి అన్ని కనెక్షన్లూ పంచుకునే షేర్డ్ మెమరీలోని అదే ఎంట్రీని ఇప్పుడు రెండుసార్లు, ప్లానింగ్‌కి ఒకసారి, ఎగ్జిక్యూషన్‌కి ఒకసారి, తాకాలి. ఒకే రూపంలో ఉన్న క్వెరీ వందల కనెక్షన్ల నుంచి వస్తుంటే అందరూ ఆ ఒక్క ఎంట్రీ దగ్గరే క్యూ కడతారు. పోస్ట్‌గ్రెస్ 13లో ఈ ప్లానింగ్ లెక్కని ఆన్, ఆఫ్ చేసే ట్రాక్ ప్లానింగ్ సెట్టింగ్‌ని మొదట ఆన్‌లో ఉంచి, విడుదలకి ముందే డీఫాల్ట్‌గా ఆఫ్ చేశారు. డాక్యుమెంటేషన్‌లో కూడా ఈ పోటీ గురించే హెచ్చరిక ఉంది. మీ ప్యాచ్‌లో డీఫాల్ట్ ఆన్ అని ఉంటే ఎందుకని అడగండి. పీజీబెంచ్‌ని (పోస్ట్‌గ్రెస్ వేగం కొలిచే టూల్‌ని) సెలెక్ట్ మాత్రమే నడిచే మోడ్‌లో పెట్టి, కోర్ల కంటే ఎక్కువ క్లయింట్లతో, సెట్టింగ్ ఆన్‌లో ఒకసారి, ఆఫ్‌లో ఒకసారి నడిపిన అంకెలు ఇమ్మనండి. నలుగురు క్లయింట్లతో ల్యాప్‌టాప్‌లో తీసిన అంకెలు తెస్తే వెనక్కి పంపండి, అందులో ఏమీ తేలదు.

చివరిగా అప్‌గ్రేడ్. కొత్త లైబ్రరీ ఫైల్ వచ్చినా, ఆల్టర్ ఎక్స్‌టెన్షన్ అప్‌డేట్ కొట్టేదాకా డేటాబేస్‌లో ఈ లెక్కలు చూపించే పాత వ్యూలే ఉంటాయి. పాత వెర్షన్‌ని ఇన్‌స్టాల్ చేసి, కొత్త లైబ్రరీ పెట్టి, అప్‌డేట్ చేయకుండానే వ్యూ సరిగ్గా చదవగలుగుతున్నారో లేదో చూడండి. కాలమ్‌ల పేర్లు మారుస్తున్నారేమో కూడా చూడండి. 13లో టోటల్ టైమ్ కాస్తా టోటల్ ఎగ్జెక్ టైమ్ అయింది. మా డాష్‌బోర్డ్‌లో సగం గ్రాఫ్‌లు ఆ ఒక్క పేరుతోనే ఖాళీ అయ్యాయి.