316 స్టెయిన్‌లెస్ స్టీల్‌లో సల్ఫర్ ఎక్కువ చూపిస్తోందా? ముందు మాలిబ్డినంని అనుమానించండి

మీరు అడిగింది, 316 ప్లేట్ మీద ఎక్స్‌ఆర్‌ఎఫ్ గన్ (ఎక్స్‌రే కొట్టి లోహంలో ఏమేం ఉన్నాయో చెప్పే చేతి పరికరం) పెడితే సల్ఫర్ 0.1 శాతం దాకా వస్తోంది, టెస్ట్ సర్టిఫికెట్‌లో మాత్రం 0.01 కూడా లేదు, సప్లయర్ మోసం చేశాడా అని. అప్పుడే గొడవకి దిగకండి అండి. నేను స్టీల్ ల్యాబ్‌లోనే పనిచేస్తా, ఈ పంచాయితీ మా దగ్గరికి తరచూ వస్తుంది.

316లో మాలిబ్డినం 2 నుంచి 3 శాతం ఉంటుంది కదా, దాని ఎల్ లైన్ (అది వెదజల్లే ఎక్స్‌రేల్లో ఒకటి) 2.29 కేఈవీ (ఎక్స్‌రే శక్తి కొలత) దగ్గర పడుతుంది, సల్ఫర్ కే లైన్ 2.31 దగ్గర, ఈ కాస్త తేడాని గన్‌లో ఉండే డిటెక్టర్ విడదీయలేదు, రెండూ కలిసి ఒకే పీక్‌గా కనిపిస్తాయి. సాఫ్ట్‌వేర్ లెక్కగట్టి మాలిబ్డినం వాటా తీసేస్తుంది, ఆ లెక్క కొంచెం అటూఇటూ అయినా మిగిలిందంతా సల్ఫర్ ఖాతాలో పడిపోతుంది. చెక్ చేయడం తేలికే, సల్ఫర్ తక్కువని తెలిసిన 304 (ఇంకో స్టెయిన్‌లెస్ రకం) ముక్క మీద అదే గన్ పెట్టండి, అందులో మాలిబ్డినం దాదాపు ఉండదు కాబట్టి రీడింగ్ పడిపోతే సంగతి తెలిసిపోయినట్టే.

304 మీద కూడా ఎక్కువే వస్తే సర్ఫేస్ చూడండి. సల్ఫర్ ఎక్స్‌రే పైపైన కొన్ని మైక్రాన్ల నుంచే బయటికొస్తుంది, కటింగ్ ఆయిల్స్‌లో చాలావాటిలో సల్ఫర్ కలుపుతారు, ఆ జిడ్డు ఉంటే గన్ కొలిచేది జిడ్డునే. గ్రైండ్ చేసి అసిటోన్‌తో తుడవండి. బెల్ట్ జిర్కోనియాదైతే మంచిది, సిలికాన్ కార్బైడ్ వాడితే సిలికాన్ రీడింగ్ పెరుగుతుంది.

కోబాల్ట్‌దీ ఇదే గోల, దాని లైన్ 6.93, పక్కనే ఐరన్ కే-బీటా 7.06, ఐరన్ నిండా ఉన్న చోట 0.02 శాతం కోబాల్ట్ ఎక్కడ కనిపిస్తుంది చెప్పండి. లెడ్ కలిపిన ఫ్రీ కటింగ్ స్టీల్‌లో ఆర్సెనిక్ రీడింగ్‌నీ నమ్మను, రెండింటి లైన్లూ 10.5 దగ్గరే. కానీ స్క్రాప్ కరిగించే ప్లాంట్లలో కాపర్, టిన్ చూడ్డానికి గన్ బాగా పనికొస్తుంది, రోలింగ్‌లో బిల్లెట్ పగుళ్ళు తెచ్చేది ఎక్కువగా ఆ రెండే. కార్బన్ మాత్రం గన్‌ని అడగొద్దు, 304కీ, కార్బన్ తక్కువుండే 304ఎల్‌కీ తేడా అది చెప్పలేదు.

ల్యాబ్‌లో ఉండే పెద్ద వేవ్‌లెంగ్త్ ఎక్స్‌ఆర్‌ఎఫ్ మెషీన్‌లో (ఎక్స్‌రేలని క్రిస్టల్‌తో విడదీసి కొలిచేది) జెర్మేనియం క్రిస్టల్‌తో సల్ఫర్ చాలా మెరుగ్గా వస్తుంది, అక్కడా మాలిబ్డినం కరెక్షన్ వేయాల్సిందే. మీ కేసులో డబ్బులు ఆపాలా వద్దా అన్నది ఉంది కాబట్టి డ్రిల్లింగ్స్ తీసి కార్బన్-సల్ఫర్ ఎనలైజర్‌లో కాల్పించండి, సప్లయర్‌తో మాట్లాడేది ఆ రిపోర్ట్ చేతికొచ్చాకే.